ఒకే వలలో చిక్కిన రామచిలుక, గబ్బిలం: రెండు రెక్కల చికిత్స

పండ్ల చెట్టు మీద కప్పిన ఒకే నైలాన్ వలలోంచి ఒకే ఉదయం రెండు ప్రాణులు మా వన్యప్రాణి చికిత్స కేంద్రానికి వచ్చాయి. ఒకటి మగ రామచిలుక. రెండోది ఆడ పండ్ల గబ్బిలం, మన దగ్గర కనిపించే వాటిలో అన్నిటికంటే పెద్ద జాతి. రెండూ పండు కోసమే వచ్చాయి, రెండింటికీ కుడి రెక్కకే దెబ్బ తగిలింది. కారణం ఒకటే, దెబ్బ తిన్న అవయవమూ ఒకటే. అయినా వాటి చికిత్స కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, నొప్పి మందు పేరు తప్ప ఒక్క వరసా కలవదు. రెక్కకు దెబ్బ అనగానే మన మనసులో మెదిలేది పక్షి రెక్క. ఆ లెక్కతో గబ్బిలాన్ని చూస్తే మొదటి రోజే దాని బతుకు పాడుచేస్తాం. ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాయడానికి కారణం ఇదే.

అసలు తేడా ముందే చెప్పేస్తాను. చిలుక రెక్కకు ఎంత నష్టం జరిగిందో వచ్చిన రోజే దాదాపు అంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత అది మానడమో, మానకపోవడమో. గబ్బిలం రెక్కకు జరిగిన నష్టం వచ్చిన రోజు సగం కూడా కనపడదు. రోజులు గడిచేకొద్దీ బయటపడుతుంది, ఆ తర్వాతే మానడం మొదలవుతుంది. ఒకదాని మీద తొందరపడి ఆశ వదులుకుంటాం, ఇంకోదాన్ని తొందరపడి వదిలేస్తాం.

వచ్చినప్పటి పరిస్థితి

తోట యజమాని ఫోన్ చేసినప్పుడు మేం చెప్పింది ఇంతే. లాగి విడిపించొద్దు. చిక్కుకున్న చోటికి చుట్టూ వలను కత్తిరించి, ఆ ముక్కతో సహా గుడ్డలో చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. రెండింటికీ వేరు వేరు పెట్టెలు. గబ్బిలాన్ని ఒట్టి చేత్తో అస్సలు ముట్టుకోవద్దు. ఆయన అక్షరాలా అలాగే చేశారు. ఈ కేసులో జరిగిన మేలులో చాలా భాగం ఆయన పుణ్యమే. బిగిసిన దారాన్ని లాగితే చర్మం తెగుతుంది. అక్కడే విడిపించి వదిలేస్తే ఎంతో కొంత దూరం ఎగిరి ఎక్కడో పడిపోతుంది, మళ్ళీ మనకు దొరకదు. పైగా ఆ వల ముక్కే మనకు సాక్ష్యం. దారం ఎక్కడ చుట్టుకుంది, ఎన్ని చుట్లు, ఎంత బిగువు అన్నది చూసి, రేపు ఏ భాగం చచ్చుబడుతుందో ఈ రోజే అంచనా వేయొచ్చు.

చిలుక తెల్లారగానే మేతకు వచ్చి చిక్కుకుంది. కొద్దిసేపే, కానీ విపరీతంగా కొట్టుకుంది. గబ్బిలం రాత్రే చిక్కి గంటల తరబడి వేలాడింది. ఈ సమయం తేడా తర్వాత చాలా ముఖ్యమైంది.

పెట్టెలు తెరిచాక కనిపించింది ఇది. చిలుక బరువు 112 గ్రాములు. మెడ చుట్టూ నల్ల, గులాబీ పట్టీ పూర్తిగా ఉంది. మగవాటికి ఆ పట్టీ రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది కాబట్టి ఎదిగిన పక్షే. కుడి రెక్క జారిపోయి వేలాడుతోంది, ఈకల మీద రక్తం, నోరు తెరిచి ఎగశ్వాస. దాన్ని చూసిన వాళ్ళెవరైనా ఇక కష్టమే అనుకుంటారు. గబ్బిలం బరువు 740 గ్రాములు. కళ్ళు చురుగ్గా ఉన్నాయి, గుర్రుమంటోంది. రెక్క చాపి ముడుస్తోంది, రక్తం చుక్క లేదు. ముంజేతి దగ్గర, నాలుగు, అయిదు వేళ్ళ మధ్య పొర మీద సన్నటి గీతలు మాత్రం ఉన్నాయి. తెచ్చినాయన అడిగారు కూడా: “డాక్టర్ గారూ, దీనికేం కాలేదు కదండీ, పొద్దుగూకాక వదిలేద్దామా?”

వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే రెండు రెక్కల కట్టడం చూడాలి.

రెండు రెక్కలు ఎలా కట్టబడ్డాయి

ఎగరడం పక్షుల్లో ఒకసారి, గబ్బిలాల్లో ఒకసారి, విడివిడిగా పుట్టుకొచ్చింది. చెయ్యి రెక్కగా మారిందన్నంత వరకే పోలిక. పక్షి చేతిలో వేళ్ళు మూడే మిగిలాయి, అవి కూడా చాలావరకు కలిసిపోయాయి. ఎగరడానికి కావలసిన వెడల్పంతా ఈకలే ఇస్తాయి. గబ్బిలం చేతిలో అయిదు వేళ్ళూ ఉన్నాయి. బొటనవేలు గోరుతో విడిగా ఉంటుంది, మిగతా నాలుగూ బాగా సాగి గొడుగు కమ్మీల్లా పొరను చాపి పట్టుకుంటాయి. పండ్ల గబ్బిలాలకు చూపుడు వేలికి కూడా చిన్న గోరు ఉంటుంది.

ముంజేయి చూస్తే తేడా ఇంకా తమాషాగా ఉంటుంది. పక్షి ముంజేతిలో లావుపాటి ఎముక అల్నా. లోపలి వరస ఎగురుడు ఈకలు దాన్నే పట్టుకుని ఉంటాయి. పక్కన సన్నగా రేడియస్ ఉంటుంది. గబ్బిలంలో సరిగ్గా తలకిందులు. రేడియస్సే బరువంతా మోస్తుంది, అల్నా సన్నని పుల్లలా మిగిలిపోయింది. ఎక్స్‌రే చూసేటప్పుడు ఏ ప్రాణి ఫిల్మ్ చూస్తున్నామో మనసులో ఉండకపోతే, ఏ ఎముక విరిగితే ఎంత ప్రమాదమో చెప్పలేం.

అన్నిటికంటే పెద్ద తేడా వైశాల్యాన్ని ఇచ్చే పదార్థంలో ఉంది. పూర్తిగా పెరిగిన ఈక నిర్జీవం. మన గోరు, వెంట్రుక లాంటి కెరటిన్. తెగితే నొప్పి లేదు, రక్తం లేదు, మానడమూ లేదు. తెగిన ఈక తెగినట్టే ఉండి, ఈకలు రాల్చే కాలం వచ్చినప్పుడు ఊడి, కొత్తది మొలుస్తుంది. గబ్బిలం పొర సజీవం. రెండు పలుచటి చర్మాల మధ్య రక్తనాళాలు, నరాలు, సాగే తంతువులు, సన్నటి కండరాలు అన్నీ ఉంటాయి. దీపానికి ఎదురుగా పెడితే నాళాల్లో రక్తం కదలడం కనిపిస్తుంది. సజీవం కాబట్టి అది మానుతుంది. సజీవం కాబట్టే రక్తం ఆగితే చచ్చిపోతుంది కూడా.

ఇంకో సంగతి. చిలుక కాళ్ళకూ రెక్కలకూ సంబంధం లేదు. రెక్క కట్టుకట్టినా కొమ్మ మీద కూర్చుంటుంది, కాలితో పండు పట్టుకుని తింటుంది. గబ్బిలం పొర ఒంటి పక్కగా సాగి చీలమండ దాకా వస్తుంది. దాని కాలికి దెబ్బ తగిలితే అది రెక్క దెబ్బే. కాబట్టి గబ్బిలాన్ని పరీక్షించేటప్పుడు మెడ నుంచి కాలి గోరు వరకు అంతా ఒకే అవయవంగా చూడాలి.

మొదటి గంట

చిలుకను వచ్చిన వెంటనే పరీక్షించలేదు. ఆక్సిజన్ పెట్టిన చీకటి, వెచ్చటి పెట్టెలో ఉంచి వదిలేశాం. ఎగశ్వాసతో ఉన్న పక్షిని పట్టుకుని ఎక్స్‌రే దాకా తీసుకెళ్తే చేతిలోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. పక్షికి మనకున్నట్టు ఉదరవితానం (ఊపిరి ఆడించే కండరపు పొర, డయాఫ్రం) ఉండదు. రొమ్ము ఎముక ముందుకు వెనక్కు ఆడితేనే గాలి సంచుల్లోకి ఊపిరి వెళ్తుంది. ఎంత మెత్తటి చెయ్యి అయినా, ఛాతీ చుట్టూ బిగిస్తే ఊపిరి ఆగిపోతుంది. తలను వేళ్ళ మధ్య పట్టి, ఒంటిని తువ్వాలులో వదులుగా ఆనించి పట్టుకోవాలి. కొత్తగా వచ్చే సహాయకులకు మేం అన్నిటికంటే ముందు నేర్పేది ఇదే.

గబ్బిలానికి ఊపిరి విషయంలో ఈ గండం లేదు, అది మనలాగే క్షీరదం. దాని దగ్గర జాగ్రత్త మనకోసం. రేబిస్ టీకా ముందే వేయించుకున్న వాళ్ళే ముట్టుకోవాలి. మందపాటి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. తల మీద గుడ్డ కప్పి, ఒంటిని తువ్వాలుతో చుట్టి, పరీక్షించే రెక్కను మాత్రం బయటికి తీశాం.

ఆడ గబ్బిలం కాబట్టి మొదట చూసింది చంకల కింద. చన్నులు అక్కడే ఉంటాయి. ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. పుట్టిన మొదటి వారాల్లో పిల్ల చన్ను పట్టుకుని తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది, తల్లి దానితోనే ఎగురుతుంది. పాలు కారుతూ పిల్ల లేకుండా తల్లి వచ్చిందంటే, పిల్ల ఆ వల కింద గడ్డిలో ఉండొచ్చు, లేదా గూడు చెట్టు మీద ఆకలితో ఎదురుచూస్తూ ఉండొచ్చు. అప్పుడు వెంటనే మనిషిని పంపాలి. దీనికి పాలు లేవు, చన్నులు చిన్నగా, చుట్టూ బొచ్చుతో ఉన్నాయి.

తర్వాత నోరు. వలలో చిక్కిన గబ్బిలం గంటల తరబడి దారాన్ని కొరుకుతుంది. రెక్క మీద దృష్టి పెట్టి నోరు తెరిచి చూడకపోతే, రెండు రోజులు తిండి ముట్టదు, ఎందుకో అర్థం కాదు. దీనికి పళ్ళ మధ్య నైలాన్ పోగులు ఇరుక్కున్నాయి. మత్తు ఇచ్చి చూస్తే పై అంగిలి మీద ఒరిపిడి గాయం, నాలుక పక్కన కోత కనిపించాయి. చిలుక కూడా దారాన్ని కొరికింది కానీ దాని ముక్కు కత్తెర లాంటిది. తెగ్గొట్టేసింది, నోట్లో ఏ గాయమూ లేదు.

సెలైన్ ఎక్కించే చోటు కూడా మారుతుంది. గబ్బిలానికి భుజాల మధ్య చర్మం కింద గోరువెచ్చటి ద్రవం ఇచ్చాం, సులువుగా పీల్చుకుంది. చిలుకకు తొడ మొదట్లోని చర్మపు మడతలో ఇచ్చాం. చిన్న పక్షి షాక్‌లో ఉండి నరం దొరకనప్పుడు ఎముకలోకి సూది పెడతాం. అక్కడ ఒక నియమం ప్రాణం మీదికి వచ్చేంత గట్టిది: భుజపు ఎముకలోకి, తొడ ఎముకలోకి పెట్టకూడదు. భుజపు ఎముక లోపల బోలుగా ఉండి గాలి సంచితో కలిసి ఉంటుంది. చాలా పక్షుల్లో తొడ ఎముకా అంతే. అందులో ద్రవం పోస్తే ఊపిరి దారిలో పోసినట్టే, పక్షి మునిగి చచ్చిపోతుంది. అల్నా, లేదా మోకాలి కింది ఎముక వాడాలి. భుజపు ఎముక విరిగి చర్మం చీలి ఉంటే ఆ గాయాన్ని సెలైన్‌తో కడగడం కూడా ఇదే కారణంతో ప్రమాదం. క్షీరదాలతో పనిచేసి వచ్చిన డాక్టర్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

వెచ్చదనం లెక్క కూడా వేరు. చిలుక ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, దెబ్బ తిన్న పక్షికి దాదాపు 30 డిగ్రీల గది కావాలి. గబ్బిలం ఒంటి వేడి మనలాగే 37 దగ్గర. దాన్ని అంత వేడిలో ఎక్కువసేపు ఉంచితే రెక్కలతో విసురుకోవడం, ఒళ్ళంతా నాకి తడుపుకోవడం మొదలుపెడుతుంది. ఆ రెండూ చూస్తే హీటర్ తీసేయాలి.

ఏం తేలింది

చిలుకకు ఊపిరి సర్దుకున్నాక ఐసోఫ్లురేన్ మత్తులో ఎక్స్‌రే తీశాం. కుడి అల్నా మధ్యలో విరిగింది. రేడియస్ చెక్కుచెదరలేదు, చర్మం చీలలేదు. భయపెట్టిన రక్తమంతా మొలుస్తున్న ఒక ఈక నలిగి కారినదే. పెరుగుతున్న ఈక కాడలో రక్తం ఉంటుంది, నలిగితే చాలాసేపు కారుతుంది. కాబట్టి మొదటి చూపుకు పోయిందనుకున్న రెక్క నిజానికి మంచి కేసు. విరగని రేడియస్ పక్కనే బద్దలా నిలబడి విరిగిన అల్నాను సరైన వరసలో ఉంచుతుంది. రాడ్లు, ఆపరేషన్ అక్కర్లేదు, రెక్కను ఒంటికి ముడిచి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు కడితే చాలు.

ఈకల లెక్కే బాగాలేదు. బయటి వరసలో పక్షికి ప్రతి రెక్కకూ పది ప్రైమరీ ఈకలుంటాయి. దీనికి నాలుగు నడిమికి విరిగాయి, రెండు మొదలంటా ఊడిపోయాయి. చూసినవాళ్ళు ఊడినవాటి గురించే బాధపడతారు. నిజానికి ఊడినవే నయం. గుంట ఖాళీ అయింది కాబట్టి అక్కడ కొత్త ఈక వెంటనే మొదలవుతుంది. విరిగినవి మొదలు అంటిపెట్టుకుని ఉంటాయి. ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా ఆ మొండి కాడలు కదలవు.

గబ్బిలం ఎక్స్‌రేలో ఎక్కడా విరిగిన జాడ లేదు. ఎముకలన్నీ బాగున్నాయి. ఆ ఫిల్మ్ ఒక్కటే చూస్తే ఆ సాయంత్రమే వదిలేయొచ్చు. కానీ పొరను వెనక నుంచి దీపంతో చూస్తే దారం గీతలకు అవతల, అంటే వేలి చివర వైపు, నాళాలు పలచబడి కనిపించాయి. ముంజేయి వెంట ఒక చోట పొర కొద్దిగా ఉబ్బి చల్లగా ఉంది. వల ముక్క మీద చూస్తే ఆ చోటే దారం మూడు చుట్లు తిరిగి ఉంది. కాగితం మీద రాసుకున్నాం: పొర చచ్చుబడే అవకాశం ఎక్కువ, ఎంత భాగమో ఇప్పుడే చెప్పలేం, వదలొద్దు.

రోజులు గడిచిన తీరు

చిలుకతో అంతా అనుకున్నట్టే నడిచింది. నొప్పికి మెలాక్సికామ్, మొదట్లో బ్యూటార్ఫనాల్ తోడు. తిండి మొదటి రోజు ముట్టలేదు కాబట్టి మెడ కింది మేత సంచిలోకి ట్యూబుతో గోరువెచ్చటి జావ పోశాం. చిలుక తింటోందా లేదా అన్నది గిన్నె చూసి నమ్మకూడదు. జబ్బుపడ్డ పక్షి జబ్బును దాస్తుంది; గింజలు ముక్కుతో చిదిమి పొట్టు రాలుస్తూ తింటున్నట్టే కనిపిస్తుంది. రోజూ ఉదయం గ్రాముల తూకం, రెట్ట, ఈ రెండే నిజం చెబుతాయి. రెట్టలో మూడు భాగాలుంటాయి: మలం, తెల్లటి సున్నం లాంటి భాగం, నీళ్ళు. తిండి లోపలికి పోకపోతే మలం భాగం చిన్నదై ముదురాకుపచ్చగా మారుతుంది. మూడో రోజుకు రెట్ట రంగు మామూలైంది, బరువు నిలబడింది, ట్యూబు ఆపేశాం.

కట్టు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పక్షి ఎముక త్వరగా అతుక్కుంటుంది, మూడు వారాల్లో చాలావరకు గట్టిపడుతుంది. కానీ భుజం నుంచి మణికట్టు దాకా రెక్క ముందు అంచున ఉండే చర్మపు మడత అంతకంటే త్వరగా బిగుసుకుపోతుంది. ఎముక అతికిందని సంబరపడి కట్టు విప్పితే రెక్క పూర్తిగా తెరుచుకోదు. ఎముక మానినా పక్షి ఎగరలేకపోవడానికి మేం ఎక్కువగా చూసే కారణం ఇదే. అందుకని మధ్యమధ్యలో మత్తు ఇచ్చి, కట్టు విప్పి, కీళ్ళను మెల్లగా చివరిదాకా చాపి, మళ్ళీ కట్టాం. మూడో వారం మొదట్లో అతుకు చేతికి గట్టిగా తగిలింది, ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. కట్టు తీసేశాం.

గబ్బిలం కథ వేరుగా నడిచింది. తలకిందులుగా పట్టుకుని వేలాడేందుకు కప్పుకు మెత్తటి జాలీ కట్టి, తిండి, నీళ్ళు దాని మూతికి అందే ఎత్తులో వేలాడదీశాం. కాలి వేళ్ళ స్నాయువులు బరువు పడగానే వాటంతటవే బిగుసుకుంటాయి కాబట్టి వేలాడటానికి దానికి శ్రమ లేదు. మేం ఎదురుచూసింది ఇంకో దానికోసం. గబ్బిలం మూత్రం పోయాలంటే తిరగబడుతుంది: రెండు బొటనవేళ్ళ గోళ్ళతో జాలీని పట్టుకుని, కాళ్ళు వదిలి, తల పైకి, ఒంటి వెనక భాగం కిందికి వచ్చేలా వేలాడి, పని అయ్యాక మళ్ళీ కాళ్ళతో పట్టుకుంటుంది. రెండో రాత్రి ఇది ఆ పని చేసింది. ఎడమ గోరు ముందు తగిలించి, కుడిదాన్ని కాసేపు వెతికి తగిలించి, ఒళ్ళంతా వాటి మీద వేసి, దులుపుకుని, తిరిగి మళ్ళింది. అంటే దారం చుట్టుకున్న ముంజేతి అవతల ఉన్న బొటనవేలు బరువు మోస్తోంది, పట్టు ఉంది. బొటనవేలు పోయిన గబ్బిలం చెట్టెక్కలేదు, శుభ్రంగా ఉండలేదు, అడవిలో బతకదు. ఎక్స్‌రే చెప్పలేని మాట అది.

తిండి సంగతి. పండ్ల గబ్బిలం పండును నమిలి, అంగిలికి నాలుకతో అదిమి, రసం మింగి, పిప్పిని చిన్న బిళ్ళలా ఉమ్మేస్తుంది. దీనికి అంగిలి మీదే గాయం. గట్టి ముక్కలు పెడితే నోట్లో పెట్టుకుని వదిలేసేది. బాగా మాగిన అరటి, బొప్పాయి మెత్తగా చేసి, సిరంజితో రసం ఇచ్చాం. పిప్పి బిళ్ళలు మళ్ళీ నేల మీద కనిపించాకే నోరు మానిందని రాసుకున్నాం. దాని కడుపులోంచి తిండి అరగంట లోపే బయటికి వచ్చేస్తుంది. పగలంతా ఖాళీ కడుపుతో నిద్రపోయి రాత్రి ఒక్కపూట తినే ప్రాణి అది. పగటిపూట గిన్నె ముట్టలేదని కంగారుపడనక్కర్లేదు.

నాలుగో రోజుకు పొర రంగు మారింది. దారం గీతల వెంట నల్లబడి, తోలులా ఎండింది. వారం దాటాక ఎండిన భాగాలు రాలి, నాలుగు, అయిదు వేళ్ళ మధ్య పెద్ద చిల్లు, ముంజేతి వెనక చిన్న చిల్లులు కొన్ని తేలాయి. వచ్చిన రోజు చెక్కుచెదరకుండా ఉన్న రెక్క ఇప్పుడు జల్లెడలా ఉంది. సహాయకుల్లో కొందరికి గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే వదిలేసి ఉంటే ఇదంతా ఎక్కడో కొమ్మ మీద, తిండికి వెళ్ళలేని స్థితిలో జరిగేది.

కుట్లు వేయలేదు. చచ్చిన అంచుల మీద కుట్టు నిలవదు. బతికిన అంచు ఎక్కడ మొదలవుతుందో తేలేదాకా ఆగితే మధ్యలోని చిల్లులను పొర తనంతట తానే మూసుకుంటుంది. రక్తం పుష్కలంగా ఉండే చర్మం కదా. మేం చేసిందల్లా ఎండిన భాగాలు శుభ్రం చేయడం, పొర ఎండి పగలకుండా నీటి ఆధారిత జెల్ రాయడం, ఇన్‌ఫెక్షన్ కనిపెట్టుకుని ఉండటం. రాసిన మందు ఏదైనా అది నాకేస్తుంది, అందుకే లోపలికి పోయినా పరవాలేనిదే వాడాలి. (చిలుక ఈకల మీద మాత్రం ఏ నూనె మందూ రాయకూడదు. ఈకలు అతుక్కుపోయి వెచ్చదనం పోతుంది, తడి లోపలికి దిగుతుంది.) చిల్లుల అంచుల్లో మొదట గులాబీ రంగు పలుచటి పొర వచ్చింది. వారం వారం ఫొటో తీసి పక్కన స్కేలు పెట్టి కొలిచాం. మధ్య చిల్లులు మూసుకుంటూ వచ్చాయి. వెనక అంచు దాకా తెగిన ఒక్క చోట మాత్రం ఖాళీ అలాగే మిగిలింది. అంచు తెగితే పొర సాగినప్పుడల్లా రెండు వైపులా విడిపోతుంది, కలవదు. దాన్ని ఒప్పుకున్నాం. రెక్కలో చిన్న ఖాళీలతో బాగా ఎగిరే గబ్బిలాలు ప్రకృతిలో చాలానే ఉంటాయి.

రెండు వార్డుల మధ్య గోడ

ఇది క్లుప్తంగా. చిలుకల నుంచి క్లమిడియా సిట్టసై అనే బాక్టీరియా ఎండిన రెట్ట ధూళితో మనుషులకు రావచ్చు. టెరోపస్ జాతి గబ్బిలాలు (మా దగ్గరికి వచ్చిన పండ్ల గబ్బిలం వీటిలోదే) నీపా వైరస్‌కు ఆశ్రయం. 1998-99లో మలేసియా పందుల ఫారాల్లో అది మొదట బయటపడింది. అందుకని గదులు, గిన్నెలు, తూకాలు, గ్లవ్స్ అన్నీ వేరు, మధ్యలో చేతులు కడగడం. నియమం పాటిస్తే భయం అక్కర్లేదు. భయం పెంచితే జనం గబ్బిలాల చెట్లే నరికేస్తారు, రాత్రిపూట పుప్పొడి, విత్తనాలు మోసేవాళ్ళు పోతారు.

వదిలే నిర్ణయం

ఎముక అతికిన చిలుకే ముందు వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. గబ్బిలం ముందు వెళ్ళింది.

గబ్బిలాన్ని పొడవాటి ఎగురుడు పంజరంలోకి మార్చి మేం చూసినవి కొన్నే. కొమ్మ నుంచి జారి కిందికి పడుతూ రెక్క పట్టుకుంటోందా? ఈ జాతి నేల మీద నుంచి లేవలేక తంటాలు పడుతుంది, ఎత్తు నుంచి జారితేనే సులువుగా గాలిలోకి వెళ్తుంది. మలుపు రెండు వైపులా ఒకేలా తీసుకుంటోందా? వాలేటప్పుడు కాళ్ళతో కొమ్మను మొదటిసారే అందుకుంటోందా? ఎగిరాక ఊపిరి ఎంతసేపట్లో సర్దుకుంటోంది? కుడివైపు మలుపు మొదట్లో వెడల్పుగా తీసుకునేది, క్రమంగా సరిపోయింది. వెనక అంచు ఖాళీ అలాగే ఉండగానే దాన్ని దాని గుంపు ఉండే చెట్టు దగ్గర పొద్దుగూకే వేళ వదిలాం. మిగతావి మేతకు కదిలే సమయం అదే. గుంపు లేని చోట ఒంటరిగా వదిలితే మేత చెట్లు వెతుక్కోవడమే కష్టం.

చిలుకకు ఎముక ఉంది, కీళ్ళు తెరుచుకుంటున్నాయి, కానీ ఈకలు లేవు. ఊడిన రెండు చోట్లా కొత్త ఈకలు నీలిరంగు గొట్టాల్లా వచ్చాయి. వాటికి పక్కన ఆసరాగా ఉండాల్సిన నాలుగూ మొండి కాడలే. మొలిచే ఈక ఒంటరిగా ఉంటే గోడకు తగిలి నలిగి మళ్ళీ రక్తం కారుతుంది. విరిగిన కాడలోకి సన్నని పుల్ల దూర్చి, అదే జాతి పక్షి రాల్చిన ఈకను అదే వరస నంబరులో జిగురుతో అతికించే పద్ధతి ఉంది, డేగల వైద్యంలో పాతకాలం నుంచీ వాడుతున్నదే. మా దగ్గర ఈకలున్నాయి. కానీ అవి ఏ పక్షివో, దానికి ముక్కు-ఈకల జబ్బు తెచ్చే సర్కోవైరస్ ఉందో లేదో తెలియదు. ఆ వైరస్ ఈకల పొడిలో ఉంటుంది, రామచిలుకల్లోనూ కనిపిస్తుంది. ఒక పక్షిని రెండు నెలలు ముందు వదలడానికి దాని గుంపు మొత్తాన్ని ప్రమాదంలో పెట్టడం నాకు సమ్మతం కాదు. మొండి కాడలు మత్తులో పీకేయొచ్చు కానీ గుంట దెబ్బతింటే ఆ ఈక ఇక ఎప్పటికీ వంకరే. ఆగడమే సరైనదనిపించింది. మిగతా చిలుకలున్న పంజరంలో ఉంచి, మనుషులు దగ్గరికి పోకుండా చూశాం. మాటలు నేర్చిన చిలుక బయట బతకదు. ఈకలు రాల్చే కాలం వచ్చి కాడలు ఊడి, కొత్తవి పూర్తిగా గట్టిపడ్డాక, అది దొరికిన తోట దగ్గరే ఉదయం పూట గుంపు మేతకు వచ్చే వేళ వదిలాం.

ఈ కేసు తర్వాత మా చేరిక ఫారం రెండుగా చీలింది. పక్షి ఫారంలో మొదటి పేజీ ఊపిరి, ఎముక, ఈకల నంబర్లు. గబ్బిలం ఫారంలో మొదటి పేజీ చంకలు, నోరు, బొటనవేళ్ళు, దీపంతో చూసిన పొర బొమ్మ. దాని కిందే ఒక గడి ఉంది: వల లేదా ముళ్ళ తీగ కేసు అయితే, ఎంత బాగా కనిపించినా, పొర ఏ భాగం బతికిందో తేలేదాకా వదలకూడదు.

వల గురించి

తోట యజమానితో తర్వాత కూర్చుని మాట్లాడాం. ఆయన పంట ఆయనకు కావాలి, అందులో న్యాయం ఉంది. చెట్టు కింద చూసి ఎవరు తింటున్నారో చెప్పొచ్చు. సగం కొరికి పడేసిన కాయలు, వాటి మీద ముక్కు గంట్లు కనిపిస్తే చిలుక పని, అది తినేదానికంటే పారేసేదే ఎక్కువ. ఎండిన పిప్పి బిళ్ళలు కనిపిస్తే గబ్బిలం. ఒకరు పగలు, ఒకరు రాత్రి వస్తారు కాబట్టి వలను పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి చూడాలి. ఒక్కపూట చూస్తే రెండో ప్రాణి గంటల తరబడి దారంలోనే ఉంటుంది.

అసలు మార్చాల్సింది వల రకమే. సన్నటి ఒంటి పోగు నైలాన్, వెడల్పు కన్నులు, వదులుగా వేలాడదీయడం, ఈ మూడూ కలిస్తే ఉచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇళ్ళ పండ్ల చెట్ల మీద వాడే వల కన్ను పూర్తిగా సాగదీసినా 5 మిల్లీమీటర్లు మించకూడదని నియమం ఉంది. వేలు దూరని కన్ను అని అక్కడ గుర్తు చెప్పుకుంటారు. తెల్లగా ఉంటే రాత్రిపూట కూడా కనిపిస్తుంది. చట్రం మీద బిగించి కడితే వాలిన ప్రాణి దాని మీద నుంచి జారిపోతుంది గానీ చుట్టుకోదు. ఆయన పాత వల తీసి అల్లిక దగ్గరగా ఉన్నది బిగించి కట్టారు. చెట్టు చిటారున, కోతకు అందని కాయలు ఉన్న కొమ్మలను మాత్రం కప్పకుండా వదిలేశారు.

మీ దగ్గర ఇలాంటిది చిక్కితే చేయాల్సింది ఇంతే: గుడ్డ కప్పండి, చిలుక ఛాతీ బిగించకండి, గబ్బిలాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, నీళ్ళు నోట్లో పోయకండి, వల ముక్కను దాని ఒంటి మీదే ఉంచి కత్తిరించి తీసుకురండి.